రక్తం గురించి పాడుతాం, రక్తహీనత గురించి మాట్లాడం

మొన్నటి ఉపవాస కూడికలో మూడో పాట దగ్గర ఒక చెల్లెమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. "ఆత్మ తాకాడు" అని ఎవరో అన్నారు, స్తోత్రాలు కూడా చెప్పారు. సర్కారు ఆసుపత్రిలో పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడు. పన్నెండు ఉండాలి. ఆమెను ఉపవాసం ఉండమన్నది ఎవరో కాదు, మేమే.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇది శాపం కాదు, దయ్యం కాదు. ఎక్కువగా పళ్లెంలో లేని తిండి. రక్తం పట్టాలంటే ఇనుము కావాలి, ఫోలేట్ కావాలి, మాంసకృత్తులు కావాలి, బి12 కావాలి. బి12 ఆకుకూరల్లో దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలలో ఉంటుంది. ఆకుకూరలో ఇనుము ఉన్నా, మాంసంలోని ఇనుమంత తేలిగ్గా ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే కొంత మేలు. తిన్న వెంటనే టీ తాగితే ఆ కొంతా పోతుంది. (ప్రేమ విందు కాగానే మనం అందించేది టీయే!)

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2021 డిసెంబరులో కర్ణాటకలో బీదర్, రాయచూరు, బళ్లారితో సహా ఏడు జిల్లాల బడుల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టారు. కొందరు మఠాధిపతులు వద్దన్నారు. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తూనే ఉన్నారు, ఎవరి నోట్లోనూ కుక్కలేదు. మరి అడ్డుకున్నది ఎవరి ముద్దను? తమిళనాడులో 2010 నుంచి బడి ఉన్న వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. అక్కడ ఎవరి మతమూ కూలిపోలేదు. అదే 2021లో కర్ణాటకలో పశువధ నిషేధ చట్టం అమల్లోకి వచ్చింది. మన తాతలు తక్కువ ఖర్చుతో తిన్న పెద్దకూర కోసం పశువులను కోయడం చాలావరకు నేరమైంది.

అప్పుడు మన సంఘాలు ఏం చేశాయి? "అది రాజకీయం, మనకెందుకు" అన్నాయి. ఇంకో సిగ్గు కూడా ఉంది. చదువుకుని, ఉద్యోగాలొచ్చి, పెద్దకూర పేరెత్తితే ముఖం తిప్పుకునే విశ్వాసులు మనలోనే ఉన్నారు. కొందరు దానియేలును తెస్తారు, శాకధాన్యాలు తిని పుష్టిగా ఉన్నాడని. నిజమే. కానీ దానియేలు తన పళ్లెం సంగతి తాను నిర్ణయించుకున్నాడు, పేదవాడి బిడ్డ పళ్లెంలోంచి లాక్కోలేదు. గుడ్డు అడిగిన బిడ్డకు ఏ తండ్రైనా తేలు ఇస్తాడా అని లూకా సువార్త పదకొండో అధ్యాయంలో ప్రభువే అడిగాడు. ఆ వాక్యం మీద ప్రసంగాలు చాలానే విన్నాం, గుడ్డు మీద ఒక్కటీ వినలేదు.

యువతీ యువకులారా, మీ వీధి బడిలో ఎస్‌డీఎంసీ సమావేశం ఎప్పుడో కనుక్కోండి. వెళ్లి కూర్చోండి. గుడ్డు ఎన్ని రోజులు వస్తోంది, అమ్మాయిలకు నీలం రంగు ఐరన్ మాత్రలు వారం వారం ఇస్తున్నారా అని అడగండి. మాత్ర మింగితే విశ్వాసం లేనట్టని చెప్పే బోధకుడు ఎదురైతే, ఆయన ఇంట్లో బీపీ మాత్రలు ఎవరివో కూడా అడగండి.

మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు బిస్కెట్ మానేసి ఉడికించిన గుడ్డు, వేరుశనగ చిక్కీ పెడదామని ప్రతిపాదించాం. డబ్బెక్కడిదని కమిటీ అడిగింది. కొత్త సౌండ్ బాక్సులకు దాచింది ఉంది కదా అన్నాం. ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.