ఘాట్‌లో మొరాయించే కారు

శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైన కాసేపటికే కారు నీరసించింది. మూడో గేర్‌లో లాగనంది. రెండోకి దించితే కాస్త దూరం మూలుగుతూ ఎక్కి, టైడా దాటాక మళ్లీ అదే వరస. యాక్సిలరేటర్ నేలకు తొక్కినా స్పీడోమీటర్ ముల్లు 20 దగ్గరే. వెనక ఆర్టీసీ బస్సు హారన్ ఆపడం లేదు. పక్క సీట్లోంచి నాన్న "ఏసీ కట్టేయరా" అన్నారు. కట్టేశాను. ఫలితం లేదు. ఓ మలుపు దాటాక పక్కకు ఆపి, టైరు వెనక రాయి పెట్టి, పావుగంట కాఫీ తోటలు చూస్తూ నిలబడ్డాం. మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు ఎక్కింది. అదీ మూడు కిలోమీటర్లే.

జబ్బు ఆచూకీ ఆ పావుగంటలోనే ఉంది. అది తెలియడానికి నాకు రెండు నెలలు, దాదాపు పదకొండు వేల రూపాయలు పట్టాయి.

విశాఖ తిరిగొచ్చాక మొదటి గ్యారేజీలో స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. రెండో చోట ఇంజెక్టర్లు శుభ్రం చేశారు. నగరంలో కారు భేషుగ్గా నడిచింది. నడవక ఏం చేస్తుంది, అంతకుముందూ అలాగే నడిచిందిగా! ఘాట్ ఎక్కితే మళ్లీ పాత కథే. మూడో చోట క్లచ్ ప్లేట్లు అరిగాయన్నారు. అప్పటికి కాస్త తెలివి వచ్చింది. క్లచ్ జారుతుంటే ఇంజిన్ ఆర్‌పీఎం పెరుగుతుంది, కారు వేగం పెరగదు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 40 వేగంతో వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కి చూస్తే ఇది తేలిపోతుంది. నా కారులో ఆర్‌పీఎం కూడా పెరగడం లేదు. అంటే లోపం ఇంజిన్ వైపే ఉంది. ఆ ఒక్క పరీక్ష నాకు క్లచ్ ఖర్చు తప్పించింది.

ఎత్తు పెరిగితే గాలి పలచబడుతుందని, అదే కారణమని ఒక మిత్రుడు తేల్చేశాడు. మాట నిజమే, లెక్క తప్పు. టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్లకు సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. అరకు లోయ ఎత్తు దాదాపు 900 మీటర్లు. పోయేది పదోవంతు లోపే. ఐదు వేల మీటర్లు దాటిన ఖార్దుంగ్ లా దగ్గర ఈ వాదన చెల్లుతుంది. అక్కడ దాదాపు సగం గాలే ఉంటుంది.

అసలు లెక్క వేరు. నలుగురితో కలిపి 1,300 కిలోల కారు సమతలం మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి నాలుగైదు హార్స్‌పవర్ సరిపోతుంది. పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద అదే వేగం కావాలంటే దానిపైన మరో 16 కావాలి. ఇంజిన్‌కు నాలుగైదు రెట్ల పెట్రోల్ అందాలి. సరఫరాలో ఇరుకు ఉంటే నగరంలో బయటపడదు, ఇక్కడ బయటపడుతుంది. నిలబెట్టిన కారును పరీక్షించి అంతా బాగుందని రాసివ్వడం, కరువు మండలానికి వర్షాకాలంలో వెళ్లే అధికారుల బృందం నివేదికలాంటిదే.

చివరికి ఎస్.కోటలో ఒక పాత మెకానిక్ దగ్గర పని జరిగింది. ఆయన బానెట్ ఎత్తకముందే ప్రశ్నలు వేశాడు. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? లైటు వెలిగిందా? ఆపితే తేరుకుంటుందా? తేరుకుంటుందనగానే తలూపాడు. స్కానర్ పెడితే కోడ్ ఏదీ రాలేదు. ఆశ్చర్యం లేదు. ఇలాంటి పెట్రోల్ కార్లు చాలావాటిలో ఇంధన పీడనం కొలిచే సెన్సరే ఉండదు. పెట్రోల్ లైనుకు ప్రెషర్ గేజ్ తగిలిస్తే ఐడిలింగ్‌లో మూడు బార్లు చూపించింది. సరిగ్గా ఉండాల్సినంతే. "ఇక్కడ కాదు బాబూ, ఎత్తులో చూడాలి" అంటూ గేజ్‌ను అద్దం మీదకు తెచ్చి వైపర్ కింద ఇరికించాడు. ఘాట్‌లో నాలుగు కిలోమీటర్లు ఎక్కేసరికి ముల్లు రెండుకు, ఆ కిందికి జారింది. సరిగ్గా అప్పుడే కారు మూలగడం మొదలుపెట్టింది.

వెనక సీటు కింద మూత తీసి, బ్యాటరీ కనెక్షన్ తప్పించాకే పంపు బయటకు లాగాడు. పంపు బాగానే ఉంది. దాని అడుగున ఉండే జాలీ నల్లటి మడ్డితో మూసుకుపోయింది. పంపు గట్టిగా పీల్చేకొద్దీ మడ్డి జాలీకి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆపితే కొంత రాలిపోతుంది. కాఫీ తోటల దగ్గర జరిగింది అదే.

మడ్డి ఎక్కడిది? ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత ట్యాంకుల్లో పేరుకున్నదాన్ని కదిలిస్తుంది. దేశంలో ఆ మిశ్రమం 2025లో 20 శాతానికి చేరింది. కానీ నేరం మొత్తం విధానం మీదకు నెట్టను. కారుకు పదేళ్లు. ట్యాంకు ఒక్కసారీ శుభ్రం చేయించలేదు. పైగా రిజర్వ్ లైటు వెలిగాకే బంకుకు వెళ్లే అలవాటు నాది. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే అని ఆయన చెప్పేదాకా తెలియదు.

ప్రతి కారుకూ ఇదే జబ్బని కాదు. ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటూ కుదుపులు వస్తుంటే ఇగ్నిషన్ కాయిల్, ప్లగ్గులు చూడాలి. డీజిల్ కారులో ఈల లాంటి శబ్దంతో శక్తి పడిపోతే టర్బో గొట్టం చిరిగిందేమో చూడాలి. పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయినా ఎత్తులో ఊపిరాడదు. ఘాట్‌లో ఆగిపోతే మాత్రం సగం క్లచ్ మీద వేలాడకండి, ఉన్న క్లచ్ కూడా కాలిపోతుంది. ఇరుకు ఘాట్‌లో దిగే వాహనమే ఆగి ఎక్కేవాహనానికి దారివ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. వాలు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించడం ఎంత కష్టమో ఆ రాసినవారికి తెలిసే ఉంటుంది.

జాలీ, లైనులోని ఫిల్టర్, ట్యాంకు శుభ్రం, కూలీ కలిపి 1,400 రూపాయలైంది. మర్నాడు మళ్లీ అరకు వెళ్లాం. గేజ్ అద్దం మీదే ఉంది, ముల్లు మూడు దగ్గర కదల్లేదు. అనంతగిరి దగ్గర నాన్న ఏసీ వేయమన్నారు.