వేలు అక్కడే, అంకె వేరే!

పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు ఒకటి తీసుకోండి. దాని పక్క అంచు మీద పెన్నుతో దగ్గర దగ్గరగా నిలువు గీతలు గీసి, విల్లులా వంచండి. పైవైపు గీతలు ఎడమవుతాయి, లోపలివైపు దగ్గరకొస్తాయి. మధ్యలో మాత్రం ఎడం మారదు. వంపును పసిగట్టే ప్లాస్టిక్ సెన్సర్లలో చాలావాటి కిటుకు ఇదే.

పల్చటి ప్లాస్టిక్ పట్టీ మీద బొగ్గు నలుసులు కలిపిన సిరా పూస్తారు. నలుసులు ఆనుకుని ఉన్నంతసేపూ కరెంటు వాటి మీదుగా దాటిపోతుంది. సిరా ఉన్న వైపు బయటికి వచ్చేలా వంచితే నలుసులు ఎడమవుతాయి, కొన్ని దారులు తెగుతాయి, నిరోధం పెరుగుతుంది. ఎంత పెరిగిందో చూసి ఎంత వంగిందో చెబుతారు. 1989లో నింటెండో వీడియో గేముల కోసం మాటెల్ కంపెనీ అమ్మిన ‘పవర్ గ్లవ్’లో వేళ్ల వెంట ఉన్నవి ఇలాంటివే. అది ఒక్కో వేలి వంపును నాలుగు మెట్లుగా మాత్రమే లెక్కపెట్టేది. చిటికెన వేలినైతే అసలు పట్టించుకోలేదు, పాపం! ఆటకు అది చాలు.

కానీ ఇలాంటి గ్లౌజులే ఇప్పుడు పక్షవాతం వచ్చినవాళ్ల చేతికి తొడుగుతున్నారు. మా పిన్నికీ తొడిగారు. ఉదయం వేళ్లు ముడిస్తే తెర మీద 62 వచ్చింది, సాయంత్రం 55. ‘‘పొద్దున్న బాగానే ముడిచాను కదరా, అప్పుడే తగ్గిపోయిందా?’’ అని ఆవిడ దిగులు. నేను పక్కనే ఉన్నాను. వేళ్లు రెండుసార్లూ అరచేతికి ఒకేలా ఆనాయి.

మరి అంకె ఎందుకు మారినట్టు? ప్లాస్టిక్ ఉక్కు స్ప్రింగులాంటిది కాదండీ. దాని అణువులు ఉడికిన సేమ్యాలా పొడవాటి పోగులు, ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి. వంచితే మెల్లగా సర్దుకుంటాయి, వదిలితే మెల్లగా వెనక్కొస్తాయి. అందుకే పిడికిలి కదపకుండా ఒక నిమిషం ఉంచినా అంకె కొద్దికొద్దిగా జారుతుంది. వేలు ముడిచేటప్పుడు 45 డిగ్రీల దగ్గర వచ్చే అంకె, చాచేటప్పుడు అదే 45 దగ్గర రాకపోవచ్చు. దీన్ని హిస్టెరిసిస్ అంటారు. ఎండవేడికి నిరోధం మారడం, గ్లౌజు కణుపు మీద నుంచి పక్కకి జరగడం వీటికి అదనం.

అసలు కొలిచేదే చాలా చిన్న మార్పు. పట్టీ మందాన్ని, వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే బయటి అంచు ఎంత సాగిందో తెలుస్తుంది. 0.1 మి.మీ. పట్టీని 5 మి.మీ. వ్యాసార్ధంతో వంచితే సాగేది 1 శాతమే! పట్టీని ఇంకా పల్చన చేస్తే పగుళ్లు రావు, ఎక్కువకాలం మన్నుతుంది గానీ, సాగడమూ తగ్గిపోతుంది, కబురూ సన్నగిల్లుతుంది.

ఇంకో రకం ఉంది, పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్. సాగదీసి, విద్యుత్ క్షేత్రంలో ఉంచితే వంచినప్పుడల్లా దానంతటదే విద్యుదావేశం పుట్టిస్తుందని జపాన్ శాస్త్రవేత్త కవాయ్ 1969లో చూపించాడు. చిన్న కదలికకే పలుకుతుంది. అయితే వంచి అలాగే ఉంచితే ఆవేశం కారిపోతుంది. కదలికకు భేష్, భంగిమకు పనికిరాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి గ్లౌజు వాడుతుంటే ఒక పని చేయండి. ఖాళీ గ్లౌజును బల్ల మీద చదునుగా పరిచి అంకె రాసుకోండి. పదిసార్లు వంచి, మళ్లీ పరిచి చూడండి. రెండింటికీ ఎంత తేడా వస్తే, మనిషి చేతి మీద అంతలోపు హెచ్చుతగ్గులకు సంబరపడక్కర్లేదు, బెంగపడక్కర్లేదు. తొడిగిన ప్రతిసారీ సున్నా సరిచేయించండి. వారానికోసారి, ఒకే వేళకి, ఫిజియోథెరపిస్టు దగ్గరుండే గోనియోమీటరుతో కోణం కొలిపించండి. రెండు పుల్లల స్కేలులా ఉంటుంది. బ్యాటరీ కూడా అక్కర్లేదు.