గుడారం ముందు పాటగాడు

కొత్తగూడెం: రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరకు ఇక్కడి గని కార్మికుల కుటుంబాలు తరలివెళ్లి గుడారాలు వేసుకుంటాయి. పాటగాళ్లు, పగటివేషగాళ్లు గుడారాల నడుమ తిరగడం జాతరలకు కొత్తకాదు. పాటంతా సెల్‌ఫోనులో వీడియో తీసుకుని, తీరా చేయి చాపితే ముఖం తిప్పుకోవడం శోచనీయం. ఇవ్వలేనివారు ముందే చెబితే పాటగాడికి గొంతయినా మిగులుతుంది. కళాకారులు సైతం పసిపిల్లలు పడుకున్న గుడారం ముందు అడగకుండా వాద్యం మోగించరాదు.

కాకతీయ సేనలతో సమ్మక్క పోరిన కథను డోలి వాయిస్తూ పాడిన మణుగూరు మండలం కూనవరం కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ కథ పూర్తిగా పాడగలిగేవారు ఇప్పుడు అరుదు. అటువంటివారు గుడారం ముందుకొస్తే కసురుకోవడమా? చేతిలో డబ్బు లేకుంటే, అన్నం వేళకు ఒక విస్తరి వేసినా చాలు.