ఖాళీ జాగా ఖరీదెంత?

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో సొంత మడిగెలో బట్టల దుకాణం నడిపే వ్యాపారిని ఖర్చులెంతని అడగండి. సరుకు, కరెంటు, పనివాళ్ల జీతాలు గడగడా చెబుతాడు. కిరాయి మాటెత్తితే, ‘మడిగె మనదే కదా’ అంటాడు. ఆ మడిగెను ఇంకొకరికిస్తే నెలకు 40 వేలు వస్తాయనుకుందాం. దుకాణం మీద 35 వేలే మిగులుతుంటే, ఆయన లాభం చూసుకుంటూనే నెలనెలా 5 వేలు పోగొట్టుకుంటున్నాడు. పొద్దంతా గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కష్టం అదనం. ఒకదాన్ని ఎంచుకున్నందుకు వదులుకున్న వాటిలో అన్నిటికంటే మేలైనదాని విలువే అవకాశ వ్యయం. వదులుకున్నవన్నీ కూడితే వచ్చేది కాదు, మేలైన ఆ ఒక్కదాని విలువ.

ఇంటర్ పిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టే ఈ మాట నిజానికి పాలకుల బల్ల మీద ఉండాలి. వ్యాపారి పోగొట్టుకునేది తన సొమ్ము. ప్రభుత్వం పోగొట్టేది మనందరిదీ.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌నే చూడండి. 1798లో నిజాంతో కుదిరిన సైన్య సహకార ఒప్పందం వల్ల ఇంగ్లిష్ దండు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన స్థిరపడింది. 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద ఆ చోటు సికింద్రాబాద్ అయింది. అప్పుడది ఊరవతల బయలు. దండు అక్కడ ఉన్నందువల్ల వేరెవరికీ పోయిందేమీ లేదు. ఇప్పుడు అదే నేల మహానగరం నడిబొడ్డు. వాడకం మారలేదు, ఎవరూ కొత్తగా రూపాయి ఖర్చు పెట్టలేదు. అయినా అవకాశ వ్యయం ఏటేటా పెరుగుతూ వచ్చింది. ఈ ఖర్చు స్వభావమే అంత. మనం కదలకుండా కూర్చున్నా, చుట్టూ లోకం మారితే చాలు, పెరిగిపోతుంది.

ప్రభుత్వ లెక్కల పుస్తకాల్లో మాత్రం ఈ ఖర్చెక్కడా కనిపించదు. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తులపై ఆస్తిపన్ను ఉండదు. బదులుగా కంటోన్మెంట్ బోర్డుకు రావాల్సిన సేవా రుసుములు కూడా బకాయి పడుతున్నాయన్నది పాత ఫిర్యాదు. వెల కట్టనక్కర్లేని నేలను పొదుపుగా వాడాలన్న ఆలోచన ఏ శాఖకైనా ఎందుకొస్తుంది?

ఆ వెల చెల్లిస్తున్నది బోయిన్‌పల్లి, కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్ దారుల్లో నిలబడిపోయినవాళ్లు. సాయంత్రం జూబ్లీ బస్ స్టేషన్ నుంచి కరీంనగర్ బస్సు బయలుదేరాక కార్ఖానా దాటేసరికే ప్రయాణికుల ఓపిక సగం అయిపోతుంది. రోడ్డు వెడల్పు చేద్దామంటే పక్కనే రక్షణ శాఖ గోడ. ఒక మనిషికి రోజుకు 40 నిమిషాలు వృథా అవుతున్నాయనుకుంటే, 300 రోజులకు 200 గంటలు. ఎనిమిది గంటల లెక్కన 25 పనిదినాలు. నెల జీతమంత కాలం! దీనికి ఏ బడ్జెట్‌లోనూ పద్దు లేదు. 2018 మేలో కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవాలని రక్షణ శాఖ ఆదేశించేదాకా, మూసిన గేటు వల్ల ఎంతమంది ఎంత చుట్టు తిరిగారో ఎవరు లెక్కగట్టారు?

ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు, కండ్లకోయ వైపు ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూములివ్వాలని రాష్ట్రం ఏళ్ల తరబడి అడిగింది. అనుమతి 2024 మార్చిలో వచ్చింది. మధ్యలో గడిచిన ఒక్కో ఏడాదికీ వెల ఉంది. ‘ఇంకా నిర్ణయం తీసుకోలేదు’ అనడం కూడా నిర్ణయమే. దాని ఖర్చు అదే రోజు నుంచి మొదలవుతుంది.

అలాగని సైన్యానికి చోటక్కర్లేదని నేననడం లేదు. ఖాళీ జాగా కనబడితే వేలం వేయాలనీ కాదు. అవకాశ వ్యయం రెండువైపులా పదునున్న మాట. 2017లో సికింద్రాబాద్‌లో రక్షణ శాఖ చేతిలో ఉన్న బైసన్ పోలో మైదానంలో కొత్త సచివాలయం కడతామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించినప్పుడు, ఊళ్లోవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు, హైకోర్టుకూ వెళ్లారు. మైదానం ‘ఖాళీ’ అన్నది అధికారుల చూపు. పిల్లల ఆట, చెట్ల నీడ, వాన నీరు ఇంకే నేల... వీటికి అద్దె రసీదు రాదు కాబట్టి విలువ లేదనుకున్నారు. చివరికి సచివాలయం పాత చోటే లేచింది, 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. మైదానం మిగిలింది. ఆ పోరాటం చేసినవాళ్లు సరైన లెక్కే వేశారని నా నమ్మకం. భవనం ఇంకోచోట కట్టుకోవచ్చు. నగరం నడుమ అంత మైదానం ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది?

కారిడార్లకూ ఇదే పరీక్ష పెట్టాలి. తీసుకున్న భూమికి బదులు రాష్ట్రం సమాన విలువ గల భూమి ఇవ్వాలి. ఆ భూమిలో బడో, ఆస్పత్రో, పేదల ఇళ్లో కట్టే అవకాశం ఉండి ఉంటే, వంతెన ఖరీదులో అదీ కలవాలి. దారి పొడవునా కొట్టే చెట్లూ కలవాలి. ఇవన్నీ కలిపినా వంతెనే మేలని తేలవచ్చు, నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ ఇచ్చే భూమి ఎక్కడిదో, దాన్ని ఇంకెందుకు వాడగలిగేవాళ్లమో ప్రాజెక్టు అంచనాతో పాటు ప్రభుత్వం ఇప్పుడే జనం ముందు పెట్టాలి.