మువ్వురు విలియములు

ఒక్క యింట సీతమ్మలు ఇరువురున్నచో పెద్దసీతమ్మ, చిన్నసీతమ్మ యని పిలుచుకొందుము. ఊరిలో నలుగురున్నచో ఇంటిపేరు చేర్చి గుర్తింతుము. మేమున్న యీ అరకు కొండలలో గదబలు మొదలగు కొన్ని తెగలవారు పుట్టిన వారమును బట్టి బిడ్డకు పేరిడుదురు. కావున సంతలో "సోంబారీ" యని పిలిచినచో పలికెడివారు పలువురుందురు. ఐరోపావారికిని ఈ చిక్కు కలదు. వారిలో విలియమను పేరు మిక్కిలి సాధారణము. ఆ పేరుగల పండితులు మువ్వురు ఇంచుమించు ఒక్క కాలముననే మన దేశమునకు వచ్చిరి.

మొదటివారు విలియం జోన్సు (1746–1794). ఆయన 1783లో కలకత్తాకు న్యాయాధిపతిగా వచ్చి, మరుసటి యేట ఆసియాటిక్ సొసైటీని నెలకొల్పిరి. సంస్కృతము నేర్చి, 1789లో శాకుంతలమును ఆంగ్లీకరించిరి.

రెండవవారు విలియం రాక్సుబర్గు (1751–1815). వైద్యులు; మన సామర్లకోటలో పలు సంవత్సరములు తోట పెంచి, 1793లో కలకత్తా వృక్షవాటికకు అధిపతి యైరి. కోరమండల తీరపు మొక్కలను గూర్చి వారు రచించిన మూడు సంపుటములు 1795 మొదలు వెలువడెను. అందు మూడువందల చిత్రపటములు కలవు. వారు మొక్కల తెలుగు పేర్లను గూడ శ్రద్ధతో వ్రాసికొనిరి.

మూడవవారు విలియం కేరీ (1761–1834). స్వదేశమున చెప్పులు కుట్టి జీవించిన యాయన వంగదేశమున పలు భాషలు నేర్చి, 1814లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించిరి. రాక్సుబర్గు మరణానంతరము ఆయన వృక్షగ్రంథమును 1832లో సంపూర్ణముగా శ్రీరామపురమున అచ్చొత్తించినవారు నీ కేరీయే.

రాక్సుబర్గు తన మిత్రుల పేర్లను చెట్లకు పెట్టిరి. సీతాదేవికి నీడయైన అశోకమునకు జోన్సు పేరును, మన కనుమలలో పెరుగు కుంభివృక్షమునకు కేరీ పేరును ఇచ్చిరి. అశోకమునకు శాస్త్రజ్ఞులు పిమ్మట వేరు పేరు స్థిరపరచిరి. కుంభికి మాత్రము కేరీ పేరు నేటికిని నిలిచియున్నది. పెరటిలో నిటారుగా పెరుగు నరమామిడిని అశోకమని పలువురు భ్రమపడుదురు. నిజమైన అశోకము నారింజవన్నె గుత్తులు పూయును.

ఒక్క సంగతి మా మనస్సును కలచుచున్నది. ఈ విలియములు మువ్వురు నైనను ఇంటిపేర్లతో వేరువేరుగ గుర్తింపబడుచున్నారు. కాని ఆ పటములను చిత్రించినవారు మన దేశపు చిత్రకారులే. మొక్కకు తెలుగు పేరు చెప్పినవారు మన పల్లెలవారే. ఏ యిల్లాలు చెప్పెనో, ఏ కొండవాడు చూపెనో! ఆ కీర్తిలో వారికి పాలు రాలేదు. వృక్షమునకు మిత్రుని పేరు పెట్టుట గౌరవమే. పేరు నేర్పినవారిని మరచుట న్యాయము గాదు.

కావున సంతలో అడ్డాకులో, దుంపలో కొనునపుడు వెలతోపాటు ఆ మొక్క పేరును, అమ్మెడి యామె పేరును గూడ అడుగుడు. రెంటిని మీ బాలికల పుస్తకమున వ్రాయింపుడు. సోంబారీలు పదుగురున్నను, ఆ మొక్క పేరు చెప్పిన సోంబారి యొక్కతెయే కదా!