నక్కవాగు పొలాలకు ఏ పరీక్ష?

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల రసాయన వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలిసిన వైనం వ్యవసాయ శాస్త్రవేత్తలకు కొత్త కాదు. ఆ గ్రామాల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి ప్రకారం కర్మాగారం వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు. తరలించే వాహనం వెంట పత్రం ఉండాలి. రాత్రివేళ వాగులోకి ఒంపే ట్యాంకరుకు మాత్రం ఏ పత్రమూ ఉండదు.

ఆ నీరు పారిన పొలానికి అందేది 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డే. అందులో ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం మొదలుకొని బోరాన్ వరకు 12 అంశాలున్నాయి. కాడ్మియం, సీసం, క్రోమియం, ఆర్సెనిక్ లేవు. విస్తరణ శాస్త్రవేత్త ఆ కార్డు చూసే సిఫారసు చేస్తారు. నీరు నిలిచిన మడిలో కాడ్మియం వరికి తక్కువగా అందుతుంది, ఆరబెడితే పెరుగుతుంది. ఆర్సెనిక్ తీరు ఇందుకు విరుద్ధం. నీటి పొదుపు కోసం మడిని మధ్యమధ్య ఆరబెట్టమని చెప్పేముందు ఆ మట్టిలో ఏముందో తెలియనవసరం లేదా?

పారిశ్రామికవాడల దిగువ గ్రామాల్లో ఈ నాలుగు మూలకాల పరీక్షను తప్పనిసరి చేయాలి. ఆ ఖర్చును కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమల నుండే రాబట్టి విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు అందించాలి. ఫలితాలు బయటపడితే భూమికీ ధాన్యానికీ ధర పడిపోతుందన్న రైతుల భయం సహేతుకమైనదే. కనుక సర్వే నంబర్లవారీ ఫలితాలతోపాటే పరిహారపు ఉత్తర్వు కూడా వెలువడాలి.