చిన్న నగరానికి తరలిపోవడం: లాభనష్టాలు

మహానగరాలను విడిచి చిన్న నగరాలలో స్థిరపడవలెనన్న కోరిక చదువుకున్నవారిలో ఇటీవల బలపడుతున్నది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో పదేండ్లు కొలువు చేసినవారు విశాఖపట్టణం వంక చూచి, అక్కడ సముద్రమున్నది, కొండలున్నవి, ఊపిరి సలుపుతుంది అంటున్నారు. కోరిక మంచిదే. అయితే అందులోని లాభనష్టాలను తూచి చూడవలసిన అవసరం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఉన్నది. బదిలీపై ఊళ్లు మారేది ఒకరు, బ్రతుకుతెరువుకై ఊళ్లు మారబోయేది మరొకరు.

మొదట ‘చిన్న’ అన్న మాటనే పరిశీలింతము. 2011 జనాభా లెక్కలలో హైదరాబాదు నగర జనసంఖ్య 67 లక్షలు దాటగా, విశాఖ జనసంఖ్య 17 లక్షలు దాటినది. హైదరాబాదునుండి వచ్చినవానికి ఇది చిన్న నగరమే. పాడేరునుండి చదువుకై దిగివచ్చిన పిల్లవానికి మాత్రం ఇదే మహానగరం. 1901లో ఈ ఊరి జనం నలుబదివేల పైచిలుకు. 1926లో బెజవాడలో ఆరంభమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలివచ్చినది. 1933లో రేవు తెరచినారు. పెద్ద సంస్థకు చిన్న ఊరు విశాలమైన చోటిచ్చినది. చిన్న ఊరికి ఆ సంస్థ పేరు తెచ్చినది.

సాహిత్యానికి సైతం చిన్న ఊరు లోటు చేయలేదు. రావిశాస్త్రిగారు ఇక్కడ న్యాయవాదిగా ఉండి, కోర్టుల చుట్టూ తిరిగే బీదల బ్రతుకులనే కథలుగా మలిచారు. చాసోగారు విజయనగరంలో ఉండియే కథకులలో అగ్రగణ్యులైనారు. ప్రతిభ వికసించడానికి మహానగరమే కావలెనన్నది ఒక భ్రమ.

నష్టాలను దాచరాదు. మహానగరంలో ఒక ఉద్యోగం పోతే వీధి దాటి మరొకటి వెదకుకోవచ్చును. చిన్న నగరంలో ఒకొక్క విద్యకు తగిన సంస్థలు రెండో మూడో ఉంటవి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే చిక్కు రెట్టింపవుతుంది. సముద్రపు గాలి కోరి వచ్చినవారు రేవుదగ్గరి బొగ్గుధూళినీ లెక్కించుకోవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని చిన్నాభిన్నం చేసినది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం ప్రాంతంలో విషవాయువు ప్రజలను నిద్రలోనే కబళించినది.

ఇవి వచ్చేవాని లాభనష్టాలు. ఉన్నవాని మాట ఏమి? ఉక్కు కర్మాగారం కోసం 1966లో ఆంధ్రులు ప్రాణాలర్పించి పోరాడినారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగినది. ఆ కర్మాగారానికై 64 గ్రామాలవారు భూములిచ్చి కదలిపోయినారు. వారికి లాభనష్టాలు బేరీజు వేసుకునే వ్యవధి ఎవరిచ్చారు? ఉద్యోగానికై ఎదురుచూచి చూచి వయస్సు మీరినవారు వారిలో ఉన్నారు. ఇష్టపడి తరలివచ్చేవారు, ఇష్టం లేక తరలిపోయినవారిని మరువరాదు.

నేడు అదే కథ నెమ్మదిగా, చప్పుడు లేకుండా సాగుతున్నది. పెద్ద జీతంతో వచ్చినవాడు అడిగినంత అద్దె ఇస్తాడు. అంత ఇవ్వలేని బడిపంతులు పెందుర్తికో అనకాపల్లికో జరుగుతాడు. చౌకదనం కోరి వచ్చినవానివల్లనే చౌకదనం నశిస్తుంది. అట్లని రాకపోకలను నిషేధించుమనడం అవివేకం. వచ్చినవారివల్లనే గదా ఈ నగరం నగరమైనది!

కావున నా అభిప్రాయమిది: రావలసినదే, కాని విడిదికి వచ్చినట్లు గాక ఊరివానిగా రావలెను. తాను త్రాగే నీరు ముడసర్లోవదో మేఘాద్రిగెడ్డదో తెలుసుకొనవలెను. ఇక్కడి గ్రంథాలయంలో సభ్యుడు కావలెను. ఇక్కడనే ఓటు వేయవలెను. ఇక్కడి బడి బాగోగులు విచారించవలెను. ఉపాధ్యాయమిత్రులు ఈ విషయంపై తరగతిలో వ్యాసం వ్రాయించేటప్పుడు లాభమునకొక గడి, నష్టమునకొక గడి గీయిస్తారు. ఆ ప్రక్కనే ‘ఊరికి’ అని మూడవ గడి కూడ గీయించి, అందులో పిల్లలు ఏమి వ్రాస్తారో చూడుదురు గాక.